చీమలు ముట్టని బెల్లం

పాలవాణ్ణి అనుమానించని ఇల్లు నాకింతవరకు తగల్లేదు. గిన్నె పట్టే ఆడమనిషి ముందు వేలు ముంచి చూస్తుంది. వేలి మీద చుక్క నిలబడితే సరే, జారితే నీళ్ళు కలిసినట్టు. నిలబడినా ఊరుకోదు, "ఇవాళ పల్చగున్నయ్ కదా బీరయ్యా" అంటుంది. నేను కొలత ముంచి పోస్తాను. గడపగడపనా ఆ వేళ్ళు చూసి చూసి ఆ విద్య నాకూ పట్టుబడింది. అందుకే ఆ ఎండాకాలం వెంకటనారాయణ సారు మా కొట్టంలో నిలబెట్టిన పొడి బస్తాల దగ్గర ఒక్క చీమ కూడా తిరగడం లేదని అందరికంటే ముందు నేనే చూశాను.

ఆ పొడిలో బెల్లం ఉంది. పాతబస్తీ గౌలిపురలో మా ఇల్లంటే బర్రెలు, పాలు, దాణా, తౌడు. చీమలకు కరువు తెలియని చోటు. అలాంటి చోట బెల్లం కలిసిన సరుకు బస్తాలకొద్దీ ఉంటే, చీమలు దాని పక్కనుంచే వరస కట్టి వెళ్ళి మా బర్రెల తొట్టిలో తౌడు మోసుకుపోయేవి.

మా ఇల్లు అన్నాను గానీ అది నా పెళ్ళాం సుశీలమ్మ ఇల్లు. నేను ఇబ్రహీంపట్నం అవతలి పల్లెనుంచి ఇల్లరికం వచ్చినవాణ్ణి. బర్రెలు ఆమె పుట్టింటివి. కొట్టం ఆమె తాతలది. పాలు పితకడం, పొయ్యడం నా పని. సారు పరిచయమయింది అలాగే. కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖవాళ్ళ లోహాల ల్యాబులో ఉద్యోగం, క్వార్టర్లలో కాపురం, కోస్తా మనిషి. ఆయన భార్య అమ్మాజీ గారు కూడా వేలు ముంచే రకమే. కాకపోతే చెయ్యి కడుక్కొచ్చి ముంచేది.

తొంభై ఏడు. ఎండలు ముదురుతున్నాయి. ఒక ఆదివారం సారు స్కూటరేసుకుని మా గల్లీకి వచ్చారు.

"కొట్టంలో ఒక పక్క ఖాళీగా ఉంది కదా బీరయ్యా. ఈ వేసవి మటుకు నాకిస్తావా?"

"దేనికి సారు?"

"రొయ్యలకి మందు చెయ్యడానికి."

నేనాయన మొహంలోకి చూశాను. నవ్వడం లేదు.

అప్పుడు విడమర్చి చెప్పారు. ఆయన బామ్మర్ది రఘురామ్‌కి బందరు అవతల రెండు రొయ్యల చెరువులు. నిరుడు తెల్లమచ్చ రోగం తగిలి రెండూ తుడిచిపెట్టుకుపోయాయి. ఈసారి కూడా పోతే ఆ నేల చెయ్యి దాటిపోతుంది. సారు ఏవో పుస్తకాలు తిరగేశారట. గరిక, తిప్పతీగ, నేల ఉసిరి నీడపట్టున ఎండబెట్టి, పొడిగొట్టి, బెల్లం కలిపి మేతకు పట్టిస్తే రొయ్య లోపల్నుంచి గట్టిపడుతుందని అందులో ఉందట.

"రోగం తగ్గిస్తుందని నేననను. వస్తే తట్టుకుంటుందేమోనని ఆశ. ఇంగ్లీషు మందులు పోసీ పోసీ వాడు అలిసిపోయాడు. కొంచెం ఇంట్లోనే చేసి చూశాను. మీ మేడం గోల, వంటిల్లంతా చీమలు పట్టేశాయని. అందుకే ఇక్కడికొచ్చాను."

సుశీలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని అడిగింది. "రొయ్యలు గరిక తింటయా సారు?"

"నీ బర్రెలు తినడం లేదా అమ్మా?"

"నా బర్రెకు నాలుగు కాళ్ళున్నయ్, మీద కొమ్ములున్నయ్."

"రొయ్యకి కాళ్ళూ ఎక్కువే, కొమ్ములూ ఎక్కువే."

ఆమె పకపకా నవ్వింది. నవ్విందంటే ఒప్పుకున్నట్టే. కొట్టం ఆమెది కాబట్టి నేను నవ్వినా నవ్వకపోయినా ఒకటే. నేను నవ్వలేదు.

మర్నాటినుంచి ఆకు దిగడం మొదలైంది. సుశీలమ్మ గల్లీలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళను పిలుచుకొచ్చి ఆకు ఏరించేది. ఇంతకాలం పేడ, కుడితి తప్ప మరో లోకం ఎరగని మనిషి, సారు చెప్పిన ఆకుల పేర్లన్నీ నోటికి తెచ్చుకుని, మిగతావాళ్ళకు పంతులమ్మలా అప్పగించేది. ఆకు కింద సిమెంటు తగలకూడదు, అడుగున గాలాడాలి అని సారన్నారు. "నా దగ్గర సంచులున్నయ్ సారు, కుట్టిస్త" అని ఆమె అన్నది.

మా ఇంట్లో గోనె సంచి ఒక్క పనితో పోదు. దాణాతో వచ్చిన సంచి ఎండాకాలంలో బర్రె వీపు మీదికెక్కుతుంది. డ్రమ్ములో ముంచి తడితడిగా కప్పితే బర్రె చల్లబడి పాలు తగ్గకుండా ఇస్తుంది. ఆ డ్రమ్ములోనే గోమార్ల మందు ఇంత కలుపుతుంది సుశీలమ్మ. వీపు చల్లబడుతుంది, రక్తం తాగే గోమార్లు రాలిపోతాయి, చేసేది ఒక్క పనే. ఆమె అమ్మా అలాగే చేసేదట. ఎండలు పోగానే సంచులు ఉతికి అటకెక్కిస్తారు. ఆమె వాటినే దింపి, సోడా వేసి మళ్ళీ మళ్ళీ ఉతికి, నీలం దారంతో ఒకదానికొకటి కుట్టి, కొట్టమంతా పరిచింది. సారు దాని మీద చెప్పుల్లేకుండా నడిచి చూసి, "పట్టుతివాచీలా ఉందమ్మా" అన్నారు. ఆ మాట ఆమె ఆ వారమంతా చెప్పుకుంది.

నా చూపు మాత్రం సారు మీదే. ఆకు ఏరేటప్పుడు అందరూ ఉండాలి, పొడిలో బెల్లం కలిపేటప్పుడు మాత్రం అందరినీ బయటికి పొమ్మనేవారు. ముక్కుకు గుడ్డ కట్టుకునేవారు. "ఘాటు బీరయ్యా, దగ్గొస్తుంది" అనేవారు. పని అయ్యాక తాళం వేసి చెవి జేబులో వేసుకునేవారు. గల్లీ పిల్లలు దూరతారని కారణం చెప్పేవారు. కారణం లేకుండా ఆయన ఏదీ చెయ్యలేదు. నాకదే నచ్చలేదు. నిజంగా పని చేసుకునేవాడు అన్నిటికీ కారణాలు సిద్ధంగా పెట్టుకోడు.

బస్తాలు మోసే ట్రాలీ ఆటో మున్నాది. పక్క గల్లీ. సుశీలమ్మ నాన్న కాలంనుంచి స్నేహం. బస్తా భుజాన వేసుకుని వాసన చూశాడు.

"క్యా హై బీరన్నా ఇస్మే?"

"గడ్డి. రొయ్యలకు బలం."

"కంచన్‌బాగ్ వాలే హైఁ భాయ్. అందర్ క్యా బనాతే, ఉన్‌కీ బీవీకు బీ నై మాలూమ్. లోపల ఏం చేస్తరో పెళ్ళాలకే తెల్వదు, మనకేం తెలుస్తది? జర భద్రం. రేపు మన రొయ్యలు రాకెట్ల లెక్క ఎగిరినయంటే పోలీసోళ్ళు నా ఆటో నంబరు రాసుకుంటరు."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వులో నాకు నా అనుమానమే వినిపించింది. ఆ రోజు బస్తాలు నయాపూల్ మీదుగా బస్టాండుకు పోయాయి. అక్కణ్ణుంచి బందరు బస్సు పైకెక్కాయి.

బస్తా నింపేటప్పుడు కింద పడ్డ పొడి చిటికెడు గుప్పిట్లో దాచాను. సారు వెళ్ళిపోయాక దాన్ని పెరటి గోడ మీద, చీమలు నడిచే దారిలో పెట్టాను. పక్కనే మా వంటింటి బెల్లం చిన్న ముక్క. చీమల వరస వచ్చింది. బెల్లం ముక్కను నిమిషంలో కప్పేసింది. పొడి దగ్గరికొచ్చినవి మీసాలు ఆడించి పక్కకు తిరిగాయి. ఒక్కటి మాత్రం తెగించి పొడిలో కాలు పెట్టింది. అక్కడే గిరగిరా తిరిగింది. కాసేపటికి పక్కకు ఒరిగింది.

సుశీలమ్మను పిలిచి చూపించాను.

"ఆకు చేదుంటది" అంది. "చేదును చీమ తింటదా?"

"ఆళ్ళింట్ల చేసినదానికి చీమలు పట్టినయని ఆయనే చెప్పిండు కదా. గదే ఆకు, గదే బెల్లం. ఈడ చేసినదానికి ఎందుకు పడ్తలేవు?"

"ఏమో."

"ఏందో కలుపుతుండు. గందుకే మనల్ని బయటికి పంపుతుండు."

"ఎవలికి కలుపుతుండయ్యా? సొంత బామ్మర్దికి!"

"మా ఊర్ల పొలాలు ఎవలు తిన్నరనుకున్నవ్? బయటోళ్ళా?"

ఆమె పొడివైపు చూడలేదు, నావైపు చూసింది. "ఊరంత నీ పాలల్ల వేలు పెడ్తరని నువ్వు ఊరందరి పనిల వేలు పెడ్తవ్. ఆ సారు నన్ను అమ్మా అని పిలుస్తడు. నువ్వొక్కనాడన్న పిలిచినవా మంచిగ?"

రెండో విడత పొడి కూడా తయారయింది. అదీ బందరు బస్సెక్కింది. నేను మాట్లాడలేదు. కానీ గోడ మీద చచ్చిన చీమను మాత్రం ఊడ్చలేదు, అలాగే ఉంచాను.

రఘురామ్ వచ్చింది మిట్టమధ్యాహ్నం. పాలు పోసి వచ్చి అరుగు మీద నడుం వాల్చబోతున్నాను. సారు స్కూటరు వెనకనుంచి ఒక మనిషి దిగాడు. ఎండకు నల్లబడ్డ మొహం, బస్సులో నలిగిన చొక్కా, చెప్పుల అంచున ఎండిన ఉప్పు మట్టి. వచ్చీ రాగానే కొట్టం తలుపు దగ్గరికి పోయి, తాళాన్ని చేత్తో ఊపి చూశాడు.

"ఇక్కడేనా బావా చేసేది?"

"ఇక్కడే. ముందు కూర్చోరా."

"కూర్చోడానికి రాలేదు. పెద్ద చెరువు పోయింది బావా. మొత్తం పోయింది. ఫోన్లో చెప్పే మాట కాదని వచ్చాను."

సారు తాళం తీస్తున్నవారు ఆగిపోయారు. "తెల్లమచ్చేనా?"

"ఒక్క మచ్చ లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. పెంకు అద్దంలా ఉంది. నువ్వు పంపిన పొడి పట్టించి నిన్న పొద్దున మేత వేశాం. కాసేపటికే గట్టుకొచ్చేశాయి. గిరగిరా తిరిగాయి. కాళ్ళు ముడుచుకుని వెల్లకిలా పడిపోయాయి. ఇరవై ఏళ్ళనుంచి నీళ్ళలో ఉన్నాను, రొయ్య అలా చావడం నేను చూళ్ళేదు."

"మచ్చ ఒక్కోసారి తర్వాత తేల్తుంది. రోగమేరా అది. చిన్న చెరువు నిలబడాలంటే మోతాదు పెంచాలి. రెండో విడత బస్తాలు అందాయిగా? ఈ పూటే వెయ్యమను."

"చెరువు చూసే రామలింగయ్య మేతకి పట్టించి సిద్ధంగా పెట్టాడు. సాయంత్రం మేతకి వేసేదే." రఘురామ్ గొంతు తగ్గింది. "నాకింక ఆ ఒక్క చెరువే మిగిలింది బావా. మా అక్క మీద ఒట్టేసి చెప్పు. ఇందులో ఆకు, బెల్లం తప్ప ఇంకేమైనా కలిపావా? ఎవడైనా ఏదన్నా ఇచ్చి కలపమన్నాడా?"

"నన్నా అడుగుతున్నావు?"

"నిన్నే."

సారు చెయ్యి చాపి బామ్మర్ది తల మీద పెట్టారు. "మీ అక్క మీదొట్టు. ఆకు, బెల్లం. అంతే."

ఆ చెయ్యి వణుకుతుందేమోనని కన్నార్పకుండా చూశాను. వణకలేదు. ఆ వేసవంతా నేను కాచుకున్నది ఆ క్షణం కోసమే. అది నా చేతికి చిక్కలేదు.

చూపు తిప్పుకున్నాను. పెరటి ఆ చివర సుశీలమ్మ ఇవేమీ పట్టనట్టు మధ్యాహ్నపు పని చేసుకుంటోంది. డ్రమ్ములోంచి సంచి తీసింది. రెండు చేతులా పిండి పెద్ద బర్రె వీపు మీద కప్పింది. నీళ్ళు బర్రె డొక్కల మీదినుంచి కారి బండ మీద పడుతున్నాయి. వాటితోపాటు గోమార్లూ రాలుతున్నాయి. రోజూ చూసేదే. ఒకటి బండ మీద పడి గిరగిరా తిరిగింది. తిరిగి తిరిగి వెల్లకిలా పడి కాళ్ళు ముడుచుకుంది.

గోడ మీది చీమ గుర్తొచ్చింది. డ్రమ్ము చుట్టూ నేల వైపు చూశాను. తౌడు చల్లినట్టు పడి ఉంది. ఒక్క చీమ లేదు. సారు తెరిచిన తలుపులోంచి కొట్టం లోపలికి చూశాను. నీలం దారంతో కుట్టిన సంచులు, నేలంతా, గోడనుంచి గోడదాకా.

"ఇక్కడ ఫోన్ బూత్ ఎక్కడుంది?" అని రఘురామ్ అడుగుతున్నాడు. "వేసెయ్యమని చెప్తాను."

"ఎయ్యకుండ్రి" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు. ఆ మనిషి అప్పటిదాకా నన్ను చూడనేలేదు.

"ఎందుకు?" అన్నారు సారు.

నేను సుశీలమ్మను చూశాను. ఆమె నన్ను చూసింది. చేతిలో మరో సంచి, నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి. నోరు విప్పితే అది ఆమె చేతుల మీదికే వస్తుంది. మా కొట్టం మీదికి, మా పాల మీదికి వస్తుంది. విప్పకపోతే తప్పు సారు దగ్గరే ఉండిపోతుంది. ఊరికే ఉండటం నాకు పుట్టుకతో వచ్చింది. ఆ పూట అదెంత తేలికో నాకు తెలుస్తూనే ఉంది.

"సంచులు మాయి సారు" అన్నాను. "పరిచినయి. నిరుడు బర్రెల మీద కప్పినయే. గోమార్ల మందుల నానినయి."



"నేను ఉతికిన" అంది సుశీలమ్మ. "సోడా ఏసి ఉతికిన సారు. చేతులు పలిగేదాక ఉతికిన."

సారు బండ దగ్గరికి వెళ్ళి వంగి చూశారు. వెల్లకిలా పడ్డ గోమారును పుల్లతో కదిపారు. దాని కాళ్ళు చూశారు. "ఇదీ రొయ్యా చుట్టాలురా" అన్నారు, ఎవరితోనో తెలియకుండా. "దీన్ని చంపేది దాన్ని బతకనిస్తుందా?"

రఘురామ్ అప్పటికే గల్లీలోకి పరుగెత్తాడు.

మేం ముగ్గురం ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయాం. సుశీలమ్మ చేతిలో సంచి కింద పెట్టలేదు. బందరు పక్క పల్లెలో ఎవరింట్లోనో ఫోను మోగాలి, ఎవరో సైకిలెక్కి చెరువు గట్టుకు పోవాలి, వాళ్ళు చేరేలోపు పొద్దు వాలకూడదు. ఇక్కడ గౌలిపురలో ఎండ మా గోడ దిగుతుంటే అక్కడా దిగుతున్నట్టే అనిపించింది. సారు మా అరుగు మీద కూర్చున్నారు. ముందెప్పుడూ కూర్చోలేదు.

రఘురామ్ తిరిగొచ్చేసరికి గోడ నీడ పెరడంతా పరుచుకుంది. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

"మేత తట్టలు పడవలోకి ఎక్కించేశారంట" అన్నాడు. "మాట అందగానే దింపేశారు."

సుశీలమ్మ గబగబా లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. అతను చెంబు అందుకున్నాడు. చెంబులోకి ఒకసారి చూశాడు. తాగలేదు. మొహం కడుక్కున్నాడు.

వెళ్ళేముందు సారు స్కూటరు దగ్గర ఆగారు.

"నువ్వు నన్ను అనుమానించావు కదూ బీరయ్యా?"

"మస్తు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి బస్తా నుంచి. చీమలు రాలే సారు."

"ఆ రోజే నన్ను అడగొచ్చు కదయ్యా. అడిగుంటే ఇద్దరం కలిసి వెతికేవాళ్ళం. పెద్ద చెరువూ మిగిలేది."

"అడిగితె చెప్తరా సారు ఎవరన్న?"

ఆయన కిక్కు మీద కాలు పెట్టారు. స్కూటరు రెండుసార్లు తన్నితే గానీ కదల్లేదు.

మర్నాడు కంచన్‌బాగ్‌కు మామూలుగానే పాలు తీసుకెళ్ళాను. అమ్మాజీ గారు గిన్నె తెచ్చారు. నేను కొలత ముంచి ఎత్తేసరికి గిన్నె కొంచెం వెనక్కి జరిగింది. తర్వాత ముందుకొచ్చింది. ఆమె వేలు ముంచలేదు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. కొన్నాళ్ళకు, "ప్యాకెట్ పాలు పెట్టుకున్నాం బీరయ్యా, సారుకి డాక్టరు చెప్పాడు" అన్నారు. ఏ డాక్టరని నేనడగలేదు.

సుశీలమ్మ డ్రమ్ము వంచేసింది. నీలం దారం కుట్లు విప్పకుండానే సంచులన్నీ కుప్పవేసి కాల్చింది. గోమార్లను వేపనూనె రాసి చేత్తో ఏరుతూ కూర్చునేది. నేను నోరు విప్పినందుకు కోపమో, అంతకుముందు విప్పనందుకు కోపమో ఆమె చెప్పలేదు. కానీ ఇంట్లోకి ఏం తెచ్చినా ముందు చిటికెడు గోడ మీద పెట్టడం మొదలుపెట్టింది. దాణా, ఉప్పు, చక్కెర, చివరికి గుడి ప్రసాదం కూడా. చీమ వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు.

వానలు పడ్డాక ఒక పొద్దున మున్నా ట్రాలీ మా గుమ్మం ముందు ఆగింది. తెల్లటి థర్మాకోల్ డబ్బా దింపాడు. కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"బీరన్నా, సముందర్ ఆ గయా తుమారే ఘర్! సముద్రం మీ ఇంటికే వచ్చింది, బందరు బస్సుల. గా చిన్న చెరువు పండిందంట. సారు బామ్మర్ది మీకియ్యమన్నడంట."

సుశీలమ్మ మూత తీసింది. ఐసు ముక్కల మధ్య రొయ్యలు, వేలంత వేలంత. నీలం పులిమిన బూడిద రంగు. ఆ ఎండాకాలమంతా రొయ్య పేరు జపించిన మనిషి, రొయ్యను కళ్ళతో చూడటం అదే మొదలు.

"ఎందుకు పంపిండు?" అంది.

"మంచికే."

"మనం పంపింది గూడ మంచికే కద."

ఒకదాన్ని తీసి పెంకు వలిచింది. తీసుకెళ్ళి పెరటి గోడ మీద పెట్టింది. ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"క్యా భాభీ, చీమలకు దావతా?" అన్నాడు మున్నా. ఆమె చూపు గోడ మీదే ఉంది. అతను నావైపు చూసి, నవ్వు మింగి, ట్రాలీ తిప్పుకున్నాడు.

ఐసు కరుగుతోంది. ఒక చీమ వచ్చింది. రొయ్య చుట్టూ తిరిగింది, మీసాలు ఆనించింది, వెనక్కి మళ్ళింది. సుశీలమ్మ కదల్లేదు. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. చాలాసేపటికి గోడ పగులులోంచి వరస కదిలి వచ్చింది. రొయ్య నల్లబడిపోయేలా కమ్ముకున్నాయి.

అప్పుడు లేచింది. పొయ్యి ముట్టించింది. కారం, అల్లం దట్టించి వండి, అన్నం పెట్టి, కూర నా కంచంలో వేసింది.

"నీకేది?" అన్నాను.

"నువ్వు తిన్నంక."

ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, నా మొహంలోకే చూస్తోంది.